సమబాహు: ఈ మాట దేనికి హామీ ఇస్తుంది, దేనికి ఇవ్వదు

జ్యామితిలో సమబాహు అంటే భుజాలన్నీ ఒకే పొడవున్నది అని అర్థం. ఈ మాట భుజాల సంగతే చెబుతుంది, కోణాల ఊసెత్తదు. మనకు ముందుగా పరిచయమయ్యేది సమబాహు త్రిభుజం. అందులో భుజాలు సమానమైతే చాలు, కోణాలు కూడా వాటంతట అవే 60 డిగ్రీలకు వచ్చి కూర్చుంటాయి. దాంతో సమబాహు అనగానే కోణాలూ సమానమేనన్న నమ్మకం మనసులో నాటుకుపోతుంది. నాలుగు భుజాల దగ్గరికి రాగానే ఆ నమ్మకం దెబ్బతింటుంది. ఈ ఒక్క తేడాను గట్టిగా పట్టుకుంటే మాటను సరిగ్గా వాడడం, బొమ్మ గీయడం, లెక్క కట్టడం, చేసినదాన్ని సరిచూసుకోవడం అన్నీ దారిలో పడతాయి.

పదాన్ని విడదీస్తే

బాహువు అంటే చేయి. సంస్కృతంలో భుజం అన్నా అదే. రోజువారీ తెలుగులో భుజం చేతి మొదలుకే మిగిలిపోయింది గానీ, గణితంలో ఈ రెండు మాటలూ బొమ్మ అంచుకు పేర్లయ్యాయి. సమమైన బాహువులు కలది సమబాహువు. ఇది బహువ్రీహి సమాసం, అంటే ఎప్పుడూ వేరొకదాని గుణాన్ని చెప్పే మాట. అందుకే పక్కన నామవాచకం ఉండి తీరాలి: సమబాహు త్రిభుజం, సమబాహు పంచభుజి, సమబాహు బహుభుజి. ‘సమబాహువు గీయండి’ అని ఊరుకుంటే ఎన్ని భుజాలో తేలదు.

రాసేటప్పుడు దీర్ఘం మీద కన్నేసి ఉంచండి. బాహు అంటే చేయి, బహు అంటే అనేకం. ‘సమబాహు బహుభుజి’ అన్నచోట రెండూ పక్కపక్కనే వస్తాయి, ఒక్క గుణింతం జారితే అర్థమే మారిపోతుంది.

ఇంకో చిక్కు ‘సమ’ అనే ముక్కతో వస్తుంది. అది చాలా పేర్లలో కనిపిస్తుంది, ప్రతిచోటా వేరే దాని సమానత్వాన్ని చెబుతుంది. సమద్విబాహు త్రిభుజంలో సమానమైనవి రెండు భుజాలు. సమచతుర్భుజంలో, అంటే రాంబస్‌లో, నాలుగు భుజాలూ సమానం, కాబట్టి నాలుగు భుజాల సమబాహు బొమ్మకు మనకున్న పేరు అదే. సమాంతర చతుర్భుజంలో ‘సమ’ అంతరానికి చెందుతుంది: ఎదురెదురు భుజాల మధ్య ఎడం ఎక్కడ కొలిచినా ఒకటే. అందులో పక్కపక్క భుజాలు సమానం కానక్కర్లేదు. సమలంబ చతుర్భుజం, అంటే ట్రెపీజియంలో, సమానమైనవి రెండు సమాంతర భుజాల మధ్య గీసే లంబాలు. పేరు మొదట్లో ‘సమ’ కనిపించగానే భుజాలు సమానమనుకోకుండా, ఆ వెంటనే ఏ మాట ఉందో చూడండి. ఈ అలవాటు ఒక్కటి చేసుకుంటే పేర్లు బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

భుజాలూ సమానం, కోణాలూ సమానం అయితే ఆ బొమ్మకు వేరే పేరుంది: క్రమ బహుభుజి. చతురస్రం క్రమ చతుర్భుజం. సమబాహు అన్న మాట క్రమ అన్న మాటకు బదులుగా వాడదగినది కాదు. త్రిభుజం దగ్గర మాత్రమే రెండూ ఒకటవుతాయి.

సమబాహు త్రిభుజం సమద్విబాహు కూడానా?

అవును, నేటి గణితంలో అవును. సమద్విబాహు అంటే ‘కనీసం రెండు భుజాలు సమానం’ అని తీసుకుంటాం, మూడూ సమానమైతే ఆ షరతు నెరవేరినట్టే. ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ మాత్రం అలా చెప్పలేదు. ఆయన నిర్వచనంలో సమద్విబాహు త్రిభుజానికి రెండే భుజాలు సమానం. చతురస్రాన్ని కూడా అలాగే రాంబస్ జాబితా నుంచి బయట పెట్టాడు: రాంబస్ భుజాలు సమానమై, కోణాలు లంబకోణాలు కానిది. ఇప్పుడు చతురస్రాన్ని కూడా రాంబస్‌గానే లెక్కిస్తాం.

ఇది పేర్ల తగాదా మాత్రమే కాదు. కలుపుకునే నిర్వచనంతో పని సులువవుతుంది. సమద్విబాహు త్రిభుజానికి ఒకసారి రుజువు చేసిన ప్రతి ధర్మమూ సమబాహు త్రిభుజానికి మళ్లీ రుజువు చేయకుండానే వర్తిస్తుంది. రాంబస్ కర్ణాలు లంబంగా సమద్విఖండన చేసుకుంటాయని తెలిస్తే చతురస్రానికీ అదే చాలు. ఏ పుస్తకంలో లెక్క చేస్తున్నారో, ఆ పుస్తకం నిర్వచనం ‘కనీసం రెండు’ అంటుందో ‘రెండే’ అంటుందో ముందు చూసుకోండి. తప్పొప్పుల ప్రశ్నల్లో జవాబు దాని మీదే ఆధారపడుతుంది.

త్రిభుజంలో కోణాలు ఎందుకు వెంట వస్తాయి

సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం. మొదటి రెండు భుజాలకు ఈ సూత్రం వాడితే రెండు కోణాలు సమానమవుతాయి, తర్వాతి జతకు వాడితే మూడోదీ వాటితో కలుస్తుంది. మొత్తం 180 డిగ్రీలు, మూడు సమాన వాటాలు, ఒక్కోటి 60. తిరగేసి చెప్పినా నిజమే: మూడు కోణాలు సమానమైతే భుజాలు సమానం.

కాబట్టి ఒక త్రిభుజం సమబాహు అని తేల్చడానికి అన్ని కొలతలూ అక్కర్లేదు. మూడు భుజాలు సమానమని చూపవచ్చు. లేదా రెండు కోణాలు 60 డిగ్రీలని చూపవచ్చు, మూడోది తప్పించుకోలేదు. లేదా రెండు భుజాలు సమానమనీ, ఏదో ఒక కోణం 60 అనీ చూపవచ్చు. ఈ చివరిది చాలామంది మరిచిపోయే పదునైన సాధనం. ఆ 60 డిగ్రీల కోణం సమాన భుజాల మధ్య ఉంటే, మిగిలిన 120ని రెండు భూకోణాలు, అంటే అడుగు భుజం కొసల్లోని కోణాలు, చెరి సగం పంచుకుంటాయి. అది భూకోణమే అయితే రెండో భూకోణం కూడా 60, శీర్షకోణానికి మిగిలేది 60. ఎక్కడున్నా ఫలితం ఒకటే. అయితే భుజాల సమానత్వం లేకుండా ఒక్క 60 డిగ్రీల కోణం చూసి సమబాహు అనేయకూడదు: 30, 60, 90 డిగ్రీల త్రిభుజంలోనూ ఒక 60 ఉంది.

పటంలో చూపేటప్పుడు సమాన భుజాల మీద ఒకే సంఖ్యలో చిన్న అడ్డగీతలు వేస్తారు. ఆ గీతలు గానీ, రాతలో చెప్పిన షరతు గానీ లేకపోతే, కంటికి ఎంత సమానంగా కనిపించినా సమబాహు అని తీసుకోవద్దు.

గీయడం

6 సెంటీమీటర్ల భుజంతో గీద్దాం. కావలసినవి స్కేలు, వృత్తలేఖిని, బాగా చెక్కిన పెన్సిలు.

1. 8 సెంటీమీటర్ల దాకా ఒక గీత గీసి, దాని మీద ఎడమవైపు క అనే బిందువు పెట్టండి.

2. వృత్తలేఖినిని స్కేలు మీద 6 సెంటీమీటర్లకు తెరవండి. స్కేలు అంచు అరిగి ఉంటే 0 నుంచి కాకుండా 1 నుంచి 7 వరకు తీసుకోండి.

3. ముల్లు క దగ్గర గుచ్చి గీతను ఖండించండి. ఆ బిందువు ఖ.

4. తెరిచిన దూరం కదలకుండా క కేంద్రంగా పైన ఒక చాపం, ఖ కేంద్రంగా ఇంకొకటి గీయండి. చాపాలను పొడుగ్గానే గీయండి. పొట్టిగా గీస్తే కలుసుకోక, రెండోసారి గీసేటప్పుడు ముల్లు వేరే చోట పడుతుంది.

5. అవి కలిసిన చోటు గ. క, గ లనూ ఖ, గ లనూ కలపండి.

ఇక్కడ మూడో అడుగే ప్రాణం. భూమిని, అంటే అడుగు భుజాన్ని, స్కేలుతో కొలిచి, చాపాలను వృత్తలేఖినితో గీసేవాళ్లుంటారు. అప్పుడు రెండు పరికరాల కొలతల మధ్య తేడా త్రిభుజంలోకి వచ్చి పడుతుంది. భూమి 6.0, చాపాలు 6.1 సెంటీమీటర్లు అయ్యాయనుకోండి: భూకోణాలు దాదాపు 60.5 డిగ్రీలవుతాయి, శీర్షకోణం 59 లోపు పడిపోతుంది, చేతిలో మిగిలేది సమద్విబాహు త్రిభుజం. అదే భూమిని కూడా వృత్తలేఖినితోనే ఖండిస్తే, తెరిచిన దూరం పొరపాటున 6.1 అయినా త్రిభుజం సమబాహువే. పరిమాణం కొంచెం మారుతుంది, ఆకారం చెడదు. సమబాహు బొమ్మ గీయడమంటే ఒక కొలతను మూడుసార్లు తేవడం, ఆ మూడింటినీ ఒకే చోటి నుంచి తేవాలి.

కోణమానినితో 60 డిగ్రీలు గుర్తించి గీయడం కూడా చెల్లుతుంది, కానీ కచ్చితత్వం తక్కువ. 10 సెంటీమీటర్ల భుజం చివర ఒక్క డిగ్రీ తేడా దాదాపు 1.7 మిల్లీమీటర్లు పక్కకు తప్పిస్తుంది. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ ఆ తప్పూ పెరుగుతుంది.

చాపాలను గీతకు కింద కూడా పొడిగిస్తే అక్కడా కలుస్తాయి. పైనొకటి, కిందొకటి రెండు సమబాహు త్రిభుజాలు వస్తాయి. రెండూ కలిపి చూస్తే 60, 120 డిగ్రీల కోణాలతో ఒక రాంబస్: నాలుగు భుజాలు సమానం, కోణాలు కావు. ఈ నిర్మాణం చాలా పాతది. యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ గ్రంథం మొదటి భాగంలో మొట్టమొదటి ప్రతిపాదనగా పెట్టింది దీన్నే. రెండు వృత్తాలు తప్పక ఖండించుకుంటాయని ఆయన స్వీకృతాల నుంచి, అంటే రుజువు లేకుండా ఒప్పుకున్న మూల సూత్రాల నుంచి, రాదనీ, దానికి వేరే ఆధారం కావాలనీ తర్వాతి గణితజ్ఞులు ఎత్తిచూపారు. గీసేవాళ్లకు దానితో ఇబ్బంది లేదు గానీ, రుజువు రాసేవాళ్లు గమనించాల్సిన ఖాళీ అది.

నేల మీద పెద్దగా వేయాలంటే వృత్తలేఖిని పని తాడుకు అప్పగించాలి. 3 మీటర్ల భుజానికి 9 మీటర్ల వలయం చేసి, మూడుచోట్ల గుర్తు పెట్టి, మూడు మూలలా లాగి పట్టడం ఒక పద్ధతి. గుర్తులు ముడి వేశాకే పెట్టండి, ముందే పెడితే ముడి మింగిన పొడవు ఒక భుజంలో తగ్గుతుంది. సాగే తాడు వద్దు. టేపుతో అయితే రెండు కొసల నుంచి చాపాలు గీయండి, మూడు భుజాలకూ ఒకే టేపు వాడండి. టేపు గాలిలో వేలాడి కిందికి వంగితే అది చూపే అంకె అసలు దూరం కన్నా ఎక్కువగా వస్తుంది, కాబట్టి నేలకు ఆనించి కొలవాలి. చివర్లో భూమి మధ్య బిందువు నుంచి శీర్షానికి కొలిస్తే 2.598 మీటర్లు, అంటే రెండు మీటర్ల అరవై సెంటీమీటర్లకు ఓ చిటికెడు తక్కువ రావాలి.

పరికరాలేవీ లేనప్పుడు కాగితం మడత చాలు. చతురస్రాకారపు కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి విప్పండి, మధ్యలో మడత గీత పడుతుంది. ఎడమ కింది మూల కదలకుండా, కుడి కింది మూలను ఎత్తి సరిగ్గా ఆ మధ్య గీత మీద ఆనించి, ఎడమ మూల గుండా మడత పోయేలా నొక్కండి. మూల తాకిన చోటును గుర్తు పెట్టి విప్పితే, ఆ గుర్తూ రెండు కింది మూలలూ సమబాహు త్రిభుజపు శీర్షాలు. మడిచిన అంచు పొడవు మారదు కాబట్టి ఎడమ మూల నుంచి గుర్తుకు దూరం కాగితం అడుగు అంచుతో సమానం. గుర్తు మధ్య గీత మీద ఉంది కాబట్టి రెండు మూలలకూ సమాన దూరంలో ఉంది. రుజువు అంతే.

గళ్ల కాగితం చేసే మోసం

గ్రాఫు కాగితం మీద గళ్ల మూలలను మాత్రమే శీర్షాలుగా తీసుకుని కచ్చితమైన సమబాహు త్రిభుజం గీయడం సాధ్యం కాదు. ఎంత పెద్ద కాగితం తీసుకున్నా కాదు. కారణం చిన్నదే. శీర్షాల నిరూపకాలు పూర్ణసంఖ్యలైతే త్రిభుజ వైశాల్యం పూర్ణసంఖ్యో, పూర్ణసంఖ్యలో సగమో అవుతుంది, అంటే అకరణీయ సంఖ్య (పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగింది). కానీ సమబాహు త్రిభుజ వైశాల్యం (√3 ÷ 4) × భుజం². ఇక్కడ భుజం వర్గం పూర్ణసంఖ్య, √3 కరణీయ సంఖ్య (అలా రాయలేనిది), కాబట్టి లబ్ధం కరణీయం. రెండూ ఒకేసారి నిజం కాలేవు.

దగ్గరగా కావాలంటే మాత్రం మంచి జతలున్నాయి. భూమి 8 గళ్లు, ఎత్తు 7 గళ్లు తీసుకుంటే పక్క భుజాలు 8.06 వస్తాయి, భూకోణాలు 60.26 డిగ్రీలు. చిత్తు పటానికి ఇది చాలు. భూమి 30, ఎత్తు 26 అయితే పక్క భుజాలు 30.02, కంటికి తేడా దొరకదు. భూమి 112, ఎత్తు 97 అయితే 112.004. ఈ జతలన్నీ √3కి దగ్గరి భిన్నాలైన 7/4, 26/15, 97/56 నుంచి వచ్చినవే.

లెక్కలు

ఒక్క భుజం తెలిస్తే సమబాహు త్రిభుజంలో అన్నీ తెలిసినట్టే. ఎత్తు గీస్తే భూమి సరిగ్గా సగమవుతుంది, పైథాగరస్ సిద్ధాంతం వర్తింపజేస్తే మిగతావన్నీ వరసగా వస్తాయి.

చుట్టుకొలత = 3 × భుజం
ఎత్తు = (√3 ÷ 2) × భుజం, దాదాపు 0.866 × భుజం
వైశాల్యం = (√3 ÷ 4) × భుజం², దాదాపు 0.433 × భుజం²
పరివృత్త (మూడు శీర్షాల గుండా పోయే వృత్తం) వ్యాసార్థం = భుజం ÷ √3, దాదాపు 0.577 × భుజం
అంతరవృత్త (లోపల మూడు భుజాలనూ తాకే వృత్తం) వ్యాసార్థం దానిలో సగం, దాదాపు 0.289 × భుజం

భుజం 10 సెం.మీ. అయితే ఎత్తు 8.66 సెం.మీ., వైశాల్యం 43.3 చదరపు సెం.మీ. తరచూ జరిగే తప్పు భుజాన్నే ఎత్తుగా తీసుకోవడం: సగం × 10 × 10 అని 50 రాస్తారు. అది అసలు విలువ కన్నా 15 శాతానికి పైగా ఎక్కువ. √3ని 1.7గా కుదించినా నష్టమే, 42.5 వస్తుంది. చివరి వరకూ √3 గానే ఉంచి, ఆఖరి అడుగులో 1.732 వేయండి.

వెనక్కి లెక్క కట్టేటప్పుడు దిశ తప్పుతుంది. ఎత్తు 12 ఇచ్చి భుజం అడిగితే 0.866తో భాగించాలి, గుణించకూడదు: జవాబు 13.86. భుజం ఎప్పుడూ ఎత్తు కన్నా పెద్దదని గుర్తుంటే తప్పు వెంటనే దొరుకుతుంది. వైశాల్యం 100 ఇస్తే భుజం 1.52 × √100, అంటే 15.2. భుజం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుందన్నది ఇక్కడా మారదు.

వృత్తంలో సమబాహు త్రిభుజం ఇమడ్చాలంటే, వ్యాసార్థమంత తెరిచిన వృత్తలేఖినితో పరిధి మీద వరసగా ఆరు గుర్తులు పెట్టి, ఒకటి విడిచి ఒకటి కలపండి. ఆరూ కలిపితే క్రమ షడ్భుజి, అందులో కేంద్రం చుట్టూ ఆరు సమబాహు త్రిభుజాలు ఉంటాయి. వ్యాసార్థం 5 అయితే ఇమిడిన త్రిభుజపు భుజం 5√3, అంటే 8.66.

గీసింది సరైనదో కాదో చూడడానికి వివియాని సిద్ధాంతం చక్కగా పనికొస్తుంది. త్రిభుజం లోపల ఎక్కడైనా ఒక బిందువు తీసుకుని, అక్కడి నుంచి మూడు భుజాలకూ లంబదూరాలు కొలిచి కూడితే, మొత్తం ఎప్పుడూ ఎత్తుకు సమానం. 6 సెంటీమీటర్ల త్రిభుజంలో మొత్తం 5.2 దగ్గర రావాలి. రెండు మూడు వేర్వేరు బిందువులతో చేసి చూడండి, మొత్తాలు ఒకదానికొకటి కలవకపోతే భుజాలు సమానంగా లేవన్నమాట. బిందువు బయటికి పోతే ఈ కూడిక చెల్లదు.

ఇంకో మాట. ఒకే చుట్టుకొలత ఉన్న త్రిభుజాలన్నిటిలో ఎక్కువ వైశాల్యం సమబాహు త్రిభుజానిదే. చుట్టుకొలత 30 తీసుకోండి: 10, 10, 10 భుజాలతో 43.3 వస్తే, 5, 12, 13 భుజాల లంబకోణ త్రిభుజంతో 30 మాత్రమే వస్తుంది.

నాలుగు భుజాల దగ్గర ఏం మారుతుంది

దీన్ని చేత్తో చూస్తేనే మనసుకు పడుతుంది. ఒకే పొడవున్న మూడు అట్టముక్కలను కొసల్లో తిరిగేలా పిన్నులతో బిగించండి. ఎటు నొక్కినా కదలదు, ఎందుకంటే మూడు భుజాల పొడవులు తెలిస్తే త్రిభుజం ఒక్కటే సాధ్యం. ఇప్పుడు నాలుగు ముక్కలు బిగించండి. నొక్కగానే వాలిపోతుంది. పొడవులేవీ మారలేదు, కోణాలు మాత్రం ఎలా పడితే అలా మారుతున్నాయి. చతురస్రం నుంచి సన్నని రాంబస్ వరకూ ప్రతి స్థితిలోనూ అది సమబాహు చతుర్భుజమే. కారును ఎత్తే కత్తెర జాకీ పనిచేసేది ఇలాగే: చేతులు అవే, అడ్డంగా ఉన్న మర తిరిగేకొద్దీ ఒక కర్ణం తగ్గి రెండోది పెరుగుతుంది.

అందువల్ల భుజం ఒక్కటి తెలిసినంత మాత్రాన రాంబస్ వైశాల్యం కట్టలేం. భుజం 10 అయినప్పుడు కోణం 90 అయితే వైశాల్యం 100, 60 అయితే 86.6, 30 అయితే 50. సూత్రం భుజం² × సైన్ కోణం, లేదా కర్ణాల లబ్ధంలో సగం. భుజాలు నాలుగూ కొలిచి సమానమని తేలాక అది చతురస్రమో కాదో తెలుసుకోవాలంటే కర్ణాలు కొలవండి. రెండూ సమానమైతే చతురస్రం. భుజం 10కి ఒక్కొక్కటి 14.14 రావాలి. 60 డిగ్రీల రాంబస్‌లో అవి 10, 17.32. చట్రాలు, పలకలు కోసేవాళ్లు నాలుగు వైపులా కొలిచి ‘సమానంగానే ఉంది కదా’ అనుకుని ఆగిపోతే, వాలిన చట్రం చేతికొస్తుంది. ఐదో కొలత కర్ణం. అది లేకుండా పని పూర్తి కాదు.

ఐదు భుజాలు, అంతకు పైన

చతురస్రం మీద అదే భుజంతో సమబాహు త్రిభుజాన్ని కప్పులా పెట్టండి. మధ్య గీత చెరిపేస్తే ఐదు భుజాలూ సమానంగా ఉన్న పంచభుజి మిగులుతుంది. కోణాలు 60, 150, 90, 90, 150. మొత్తం 540 సరిపోయింది, క్రమ పంచభుజిలోని 108 మాత్రం ఒక్కటీ లేదు. అదే కప్పును లోపలికి మడిస్తే పుటాకార (లోపలికి గుంట పడిన) పంచభుజి: భుజాలు ఇంకా సమానం, కోణాలు 300, 30, 90, 90, 30.

నక్షత్రం బొమ్మ ఇంకా బాగా చెబుతుంది. క్రమ పంచభుజి కర్ణాలు గీస్తే వచ్చే ఐదు మొనల నక్షత్రపు అంచు పది సమాన భుజాల బొమ్మ. కోణాలు 36, 252 ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. రెండు సమబాహు త్రిభుజాలను తలకిందులుగా పేర్చిన ఆరు మొనల నక్షత్రపు అంచుకు పన్నెండు సమాన భుజాలు, 60, 240 డిగ్రీల కోణాలు. ఇవన్నీ సమబాహువులే, ఒక్కటీ క్రమ బహుభుజి కాదు. ఎదురు దిక్కుకు ఉదాహరణ దీర్ఘచతురస్రం: కోణాలన్నీ సమానం, భుజాలు కావు.

మరి సమబాహు బహుభుజి క్రమ బహుభుజి కావాలంటే ఇంకేం కావాలి? కోణాలన్నీ సమానమని చూపడం ఒక దారి. శీర్షాలన్నీ ఒకే వృత్తం మీద ఉన్నాయని చూపడం ఇంకో దారి: సమాన జ్యాలు సమాన చాపాలను ఖండిస్తాయి కాబట్టి కోణాలూ సమానమైపోతాయి. వృత్తం బయట కాకుండా లోపల భుజాలన్నిటినీ తాకుతుంటే మాత్రం తొందరపడకండి. ప్రతి రాంబస్‌లోనూ అంతరవృత్తం ఇముడుతుంది, అంతమాత్రాన అది చతురస్రం కాదు. భుజాల సంఖ్య బేసి అయితే అంతరవృత్తం కూడా చాలు, సరిసంఖ్య అయితే చాలదు.

ప్రోగ్రాములో పరీక్షించేటప్పుడు

మూడు పొడవులు తీసుకుని త్రిభుజం రకం చెప్పే ప్రోగ్రాములో సమబాహు పరీక్ష ముందు రావాలి. ‘ఏవైనా రెండు సమానమా’ అని ముందు అడిగితే సమబాహు త్రిభుజం అక్కడే సమద్విబాహుగా తేలిపోయి, రెండో పరీక్షకు చేరదు. మూడు సున్నాలు ఇచ్చినా మూడూ సమానమే కాబట్టి, పొడవు సున్నా కన్నా ఎక్కువన్న షరతు విడిగా పెట్టండి.

నిరూపకాలు ఇచ్చినప్పుడు దూరాలకు బదులు దూరాల వర్గాలను పోల్చండి, వర్గమూలం పని తప్పుతుంది. దశాంశాలు ఉంటే అచ్చంగా సమానమా అని అడగకూడదు. (0, 0), (4, 0), (2, 3.464) అనే శీర్షాల్లో పక్క భుజం 3.9999 వస్తుంది, యంత్రం ‘సమానం కాదు’ అంటుంది. తేడా ఎంతలోపు ఉంటే ఒప్పుకోవాలో ముందే ఒక హద్దు పెట్టండి, ఆ హద్దు భుజం పొడవుకు తగిన నిష్పత్తిలో ఉండాలి. 4 సెంటీమీటర్లకూ 4 కిలోమీటర్లకూ ఒకే హద్దు పనికిరాదు. నాలుగు బిందువులు చతురస్రమో కాదో చూసే ప్రోగ్రాములోనూ భుజాల పోలికతో ఆగితే రాంబస్‌లన్నీ లోపలికి వచ్చేస్తాయి, కర్ణాల పోలిక తప్పనిసరి.

ఘనాకృతుల్లో

ముఖాలన్నీ సర్వసమానమైన సమబాహు త్రిభుజాలై, ప్రతి శీర్షం దగ్గరా అన్నే ముఖాలు కలిసే కుంభాకార (ఎక్కడా లోపలికి గుంట పడని) ఘనాకృతులు మూడే: 4 ముఖాలది, 8 ముఖాలది, 20 ముఖాలది. శీర్షం దగ్గర కలిసే ముఖాల సంఖ్య సమానంగా ఉండాలన్న షరతు వదిలేస్తే ఇంకొన్ని దొరుకుతాయి. 4 ముఖాల ఘనాకృతులు రెండు తీసుకుని ఒక ముఖానికి ఒక ముఖం అతికిస్తే, 6 ముఖాలూ సమబాహు త్రిభుజాలే అయిన ఆకారం వస్తుంది. కానీ రెండు కొసల్లో మూడేసి ముఖాలు, నడుము చుట్టూ నాలుగేసి ముఖాలు కలుస్తాయి, కాబట్టి అది క్రమ ఘనాకృతి కాదు. మొదటి మూడింటినీ కలుపుకుని, ముఖాలన్నీ సమబాహు త్రిభుజాలైన కుంభాకార ఆకారాలు మొత్తం 8 మాత్రమే ఉంటాయని గణితజ్ఞులు ఫ్రాయిడెంటాల్, వాన్ డెర్ వార్డెన్ 1947లో నిరూపించారు. వాటి ముఖాల సంఖ్యలు 4, 6, 8, 10, 12, 14, 16, 20. అట్టతో చేయాలనుకుంటే 5 సెంటీమీటర్ల భుజంతో ఒకే అచ్చు కోసి, అన్ని ముఖాలనూ ఆ అచ్చు పెట్టి గీయండి, అంటించడానికి అంచులకు అర సెంటీమీటరు మడత వదలండి. 18 ముఖాలతో మాత్రం ప్రయత్నించవద్దు, అలాంటి కుంభాకార ఆకారం లేదు.